సొంత గానుగా, కూలి గానుగా, కొని అమ్మడమా? చిన్న యూనిట్ పెట్టేముందు వేసుకోవాల్సిన లెక్క

సంక్రాంతికి మా చిన్నాన్న కొడుకు కదిరి వచ్చాడు. బెంగళూరులో తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసి మానేశాడు. చేతిలో 15 లక్షలు ఉన్నాయి, జేబులో కోయంబత్తూరు నుంచి తెప్పించుకున్న కోటేషన్ ఉంది. రెండు చెక్క గానుగలు, ఫిల్టరు, సీసాలు నింపే మెషీను అన్నీ కలిపి 7 లక్షల చిల్లర. "అన్నా, అడ్వాన్స్ ఎంత కట్టమంటావ్?" అన్నాడు. అసలు కట్టాలా వద్దా అన్న ప్రశ్న వాడి మనసులో అప్పటికే అయిపోయింది.

నేను ఆరేళ్ళు గానుగ నడిపినవాణ్ణి. ఆ రాత్రి ఇద్దరం కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాం. అప్పుడు వేసిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను. మీరు నూనె బదులు కారప్పొడి పెట్టుకోండి, పచ్చళ్ళు, పేపర్ ప్లేట్లు, ఇటుకలు ఏవైనా పెట్టుకోండి. అంకెలు మారతాయి, లెక్క వేసే దారి మాత్రం ఇదే.

ముందు దారులు ఎన్నో చూద్దాం. ఎవరో తీసిన నూనెను సీసాలతో సహా కొని అమ్మొచ్చు. అది వ్యాపారం. లేదా వేరుశనగ పప్పు మనమే కొని, పక్క ఊళ్ళో ఉన్న గానుగలో కూలికి ఆడించి, మన పేరుతో సీసాలకి పట్టి అమ్మొచ్చు. దీన్నే జాబ్ వర్క్ అంటున్నారు. మూడోది సొంత గానుగ, సొంత బ్రాండు. మావాడు మొగ్గింది దీనికే. నాలుగోది చాలామందికి తట్టదు: గానుగ పెట్టి, జనం తెచ్చుకున్న పప్పును కిలోకి ఇంత అని ఆడివ్వడం. బ్రాండు లేదు, సరుకు కొనేది లేదు.

ఒక లీటరు ఎలా పుడుతుంది

తయారీ అంటే ఏమిటని పుస్తకాల్లో పెద్ద నిర్వచనాలుంటాయి. గానుగ పక్కన ఒక గంట నిలబడితే చాలు, అర్థమైపోతుంది. రోట్లో 12 కిలోల వేరుశనగ పప్పు పోస్తారు. రోకలి తిరిగేకొద్దీ ముందు గరగరమని పొడి శబ్దం వస్తుంది. నలిగిన పప్పు మీద గుప్పెడు నీళ్ళు చిలకరిస్తారు. ఎన్ని నీళ్ళు అన్నది పప్పులో తేమను బట్టి ఉంటుంది, ఆడేవాడి చెయ్యికే తెలుస్తుంది. ఎక్కువైతే నూనె తేరుకోదు, తక్కువైతే పిండి కట్టదు. కాసేపటికి శబ్దం మెత్తబడుతుంది, పిండి ముద్దై రోటి అంచుకు పట్టుకుంటుంది, కింద గొట్టంలోంచి చిక్కటి గోధుమరంగు నూనె సన్నటి ధారగా మొదలవుతుంది. మా గానుగల్లో ఒక వాయికి ముప్పావు గంట దాకా పట్టేది. ఆ నూనెను మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగి పైన బంగారు రంగులో తేరుతుంది. రోట్లో మిగిలిన చెక్క పశువుల దాణాకి పోతుంది.

లీటరు నూనెకి సుమారు రెండున్నర కిలోల పప్పు పడుతుంది. వేరుశనగలో దాదాపు సగం నూనే, కానీ చెక్క గానుగ మొత్తం పిండలేదు. ఎక్స్‌పెల్లర్, అంటే ఇనప మర, ఇంకా గట్టిగా పిండుతుంది, గంటకు ఎక్కువ సరుకు ఆడుతుంది, కాకపోతే వేడెక్కుతుంది. సాల్వెంట్ ప్లాంట్లు హెక్సేన్ అనే రసాయనంతో చెక్కలో మిగిలింది దాదాపు అంతా లాగేస్తాయి. ధరలో వాటితో గానుగ పోటీ పడలేదు. రుచితో, నమ్మకంతో అమ్ముడుపోవాల్సిందే. "తక్కువకే ఇస్తాను" అన్న ఆలోచనతో గానుగ పెట్టేవాళ్ళు దయచేసి ఇక్కడే ఆగండి.

ఇప్పుడు డబ్బులు. ఇవి మేం ఆ రాత్రి కాగితం మీద పెట్టుకున్న రేట్లు, మీ ఊరి రేట్లు మీరు వేసుకోండి. పప్పు కిలో 120 చొప్పున రెండున్నర కిలోలు 300 రూపాయలు. చెక్క సుమారు 1.4 కిలోలు వస్తుంది, కిలో 40 లెక్కన 56 వెనక్కి వస్తాయి. సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె కలిపి 18. కరెంటు 6. అంటే లీటరు మీద నికరంగా చేతి నుంచి పోయేది 268 రూపాయలు.

సీసా మీద ధర 400 వేస్తే అందులో 5 శాతం జీఎస్టీ ఉంది. అది తీసేస్తే 381. నేరుగా ఇంటింటికీ అమ్మితే లీటరుకు 113 మిగులుతుంది. మావాడి మొహం వెలిగిపోయింది. "నెలకి వెయ్యి లీటర్లు అమ్మితే లక్షా పదమూడు వేలు!"

అక్కడ రెండు విషయాలు మర్చిపోయాడు.

ఒకటి, నూనె ఆడినా ఆడకపోయినా నెల తిరిగేసరికి పోయే ఖర్చు. షెడ్డు అద్దె 12 వేలు, ఇద్దరు పనివాళ్ళకి 30 వేలు, కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీలు, రిపేర్లు 4 వేలు, మెషీన్ల మీద వడ్డీ, అరుగుదల 10 వేలు. మొత్తం 56 వేలు. ఇవి రావాలంటేనే నేరుగా సుమారు 500 లీటర్లు అమ్మాలి. అప్పటికి వాడి జీతం సున్నా.

రెండు, వెయ్యి లీటర్లు నేరుగా ఎవరు కొంటారు? బంధువులు, పాత ఆఫీసువాళ్ళు, వాట్సాప్ గ్రూపులు అన్నీ కలిపి మొదటి ఆరునెలలు నేను అమ్మింది ఎప్పుడూ నెలకి 200 దాటలేదు. ఆ పైన షాపులకి వెయ్యాలి. షాపువాడికి 20 శాతం ఇస్తే 400 సీసా 320కి వెళ్తుంది. జీఎస్టీ పోతే 305. అందులోంచి 268 తీసేస్తే మిగిలేది 37 రూపాయలు. అదే 56 వేలు రావాలంటే ఇప్పుడు 1,500 లీటర్లు అమ్మాలి. సీసా అదే, నూనె అదే, అమ్మే చోటు మారితే నష్టం లేకుండా బయటపడే గీత 500 నుంచి 1,500కి పోయింది.

కూలికి ఆడిస్తే

గానుగ కూలి కిలో పప్పుకి 15 అనుకుందాం. లీటరుకు 37.50 అవుతుంది. కరెంటు 6 మనకి పడదు. కాబట్టి నేరుగా అమ్మితే లీటరుకు 81.50 మిగులుతుంది. నెల ఖర్చు సరుకు పెట్టుకునే గది, డెలివరీ కలిపి 10 వేలు.

500 లీటర్ల దగ్గర రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. సొంత గానుగలో మిగిలేది దాదాపు ఏమీ లేదు. కూలి గానుగలో 30 వేల పైన మిగులుతుంది. వెయ్యి లీటర్ల దగ్గర కూడా కూలి గానుగదే పైచేయి: 57 వేలకి 71 వేలు. రెండూ సమానమయ్యేది నెలకి 1,460 లీటర్ల దగ్గర. ఆ రెండు గానుగలు నెలకి పాతిక రోజులు, రోజుకి ఎనిమిదేసి వాయిలు ఆడినా వచ్చేది 1,900 లీటర్ల పైచిలుకు. అంటే మెషీను సామర్థ్యంలో మూడొంతులు దాటితే తప్ప, మెషీను కొన్నందుకు ఒక్క రూపాయి అదనంగా రాదు.

ఈ అంకె దగ్గర మావాడు చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, ఎందుకంటే ఈ లెక్క నేను వేసుకున్నది గానుగ కొన్న రెండేళ్ళకి.

ఇందులో ఇంకో సంగతి ఉంది. గానుగ తిరిగేది మీ పప్పుతోనా, ఊరివాళ్ళ పప్పుతోనా అన్నది గానుగకి పట్టదు. కూలికి ఆడితే లీటరుకు 37.50 వస్తుంది, కరెంటు 6 పోగా 31.50. మీ సొంత నూనె మీరే ఆడుకుంటే మిగుల్చుకునేదీ అదే 31.50. కాబట్టి సొంత యూనిట్ అంటే రెండు వ్యాపారాలు. ఒకటి నూనె అమ్మడం, రెండోది మెషీను తిప్పడం. నూనె అమ్మకంలో వచ్చిన లాభం మెషీను నష్టాన్ని కప్పేస్తుంటే ఏళ్ళ తరబడి తెలియదు. రెంటికీ వేరు వేరు పుస్తకాలు పెట్టండి. మెషీను పుస్తకంలో రోజుకి ఎన్ని వాయిలు ఆడిందో రాయండి. పైన చెప్పిన రేట్లలో ఒక్కో గానుగ రోజుకి ఆడగల ఎనిమిది వాయిల్లో ఆరైనా ఆడడం తప్పనిసరి.

మరి కొని అమ్మడం? యూనిట్ దగ్గర జీఎస్టీ కాకుండా 305కి సీసా కొని 381కి అమ్మితే 76 వస్తుంది. కూలి గానుగ కంటే ఐదున్నర తక్కువ, అంతే. పప్పు కొనక్కర్లేదు, పుచ్చు భయం లేదు. కానీ సీసా మీద పేరు మీది కాదు. మీరు రెండేళ్ళు తిరిగి కూడగట్టిన కొట్లు ఆ కంపెనీవాడు రేపు ఇంకొకరికి అప్పజెప్పొచ్చు. మీ ఊళ్ళో గిరాకీ ఎంతో తెలుసుకోవడానికి మూడు నెలలు ఇలా అమ్మి చూడండి, మంచిదే. అక్కడే ఆగిపోవద్దని మాత్రం నా సలహా.

నాలుగో దారి, కూలికి ఆడడం, అద్దె షెడ్డులో జీతగాళ్ళతో చేస్తే కష్టం. సొంత ఇంటి ముందు గది ఉండి, ఇంట్లో ఇద్దరు పనిచేయగలిగితే మాత్రం లెక్క తిరగబడుతుంది. నెల ఖర్చు 14 వేలకి దిగుతుంది. 1,100 కిలోలు ఆడితే అది వచ్చేస్తుంది, ఆ పైన ఆడినదంతా ఇంటి కూలి. జనం సంచితో వస్తారు, నూనె డబ్బాలో పోయించుకుని, డబ్బులిచ్చి వెళ్తారు. అప్పు లేదు, సరుకు లేదు, టెన్షన్ లేదు. పల్లెటూళ్ళో ఉన్నవాళ్ళకి ఈ నాలుగింట్లో నాకు బాగా నచ్చేది ఇదే.

డబ్బు ఎన్ని రోజులు ఇరుక్కుంటుంది

లాభం లెక్క కంటే ముందు చూడాల్సింది ఇది. 15 లక్షల్లో 7 మెషీన్లకి పోతే 8 మిగులుతాయి. నెలకి 500 లీటర్లకి 1,250 కిలోల పప్పు, అంటే లక్షన్నర. పంట వచ్చినప్పుడు ధర దిగుతుంది కదా అని ఐదు నెలల సరుకు కొంటే ఏడున్నర లక్షలు అక్కడే అయిపోతాయి. షాపుకి అప్పు ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు.

నా గానుగ ఆగింది ఇక్కడే. ఒక సూపర్ మార్కెట్ సంస్థ పెద్ద ఆర్డర్ ఇచ్చింది. సంబరంగా వేశాం. ముప్పై రోజులన్న బిల్లు తొంభై దాటింది. ఆలోగా కొత్త పంట వచ్చింది, పప్పు చవగ్గా ఉంది, కొనడానికి నా దగ్గర డబ్బు లేదు. తర్వాత అదే పప్పు కిలోకి పాతిక ఎక్కువ పెట్టి కొన్నాను. పప్పు కిలోకి 10 రూపాయలు మారితే లీటరు మీద 25 మారుతుంది. గానుగ కూలి మిగిలించుకుని సంపాదించే 31.50 దాదాపు మొత్తం ఒక్క కొనుగోలులో పోతుంది. అందుకే మావాడికి గట్టిగా చెప్పింది ఒకటే: నీ 15 లక్షలు మెషీన్లలోకి పోనివ్వకు, పప్పులో ఉంచు. ఆ పప్పు కూడా ఒలవకుండా, బాగా ఎండిన కాయగా ఉంచు. గింజ కంటే కాయ ఎక్కువ కాలం నిలుస్తుంది. తేమ ఉంటే బూజు పడుతుంది, ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ అనే విషం గానుగ నూనెలోకీ వస్తుంది. రిఫైనరీలో అది చాలావరకు పోతుంది, గానుగలో పోదు. జనం ఆరోగ్యం కోసమని ఎక్కువ డబ్బు పెట్టి మన దగ్గర కొంటారు. ఏరని పప్పు రోట్లో పోయకండి, ఏడాదికి కొన్నిసార్లైనా ల్యాబులో పరీక్ష చేయించండి.

చట్టం ఒకచోట తయారీదారుకి అండగా ఉంది. చిన్న పరిశ్రమల కోసం చేసిన ఎంఎస్ఎంఈడీ చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్ల దగ్గర సరుకు తీసుకున్నవాడు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఇలాంటి బకాయిలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. కొని అమ్మే వ్యాపారికి కూడా 2021 నుంచి ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఇస్తున్నారు గానీ అది బ్యాంకు రుణాల వరకే, ఈ 45 రోజుల రక్షణ అతనికి రాదు. ఉద్యం ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఫోన్లోనే అయిపోతుంది. డబ్బు అడిగే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, జాగ్రత్త.

సబ్సిడీ చూసి మెషీను కొనొద్దు

"35 శాతం సబ్సిడీ వస్తుందటన్నా" అన్నాడు తమ్ముడు. వస్తుంది. చిన్న ఆహార యూనిట్లకి 2020లో పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం, 10 లక్షలు మించకుండా. చిన్న యూనిట్లకి బ్యాంకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో తయారీకి 50 లక్షల ప్రాజెక్టు వరకు, ఊరిని బట్టి, వర్గాన్ని బట్టి 15 నుంచి 35 శాతం. పీఎంఈజీపీ సబ్సిడీ వెంటనే చేతికి రాదు, మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో బ్యాంకులో కనుక్కోండి.

దాన్ని కూడా లెక్కలో పెట్టి చూశాం. 7 లక్షల మీద 35 శాతం పోతే నెలవారీ వడ్డీ, అరుగుదల 10 వేల నుంచి 6,500కి దిగుతాయి. సమానమయ్యే గీత 1,460 లీటర్ల నుంచి 1,350కి వచ్చింది. అంతే. ఎలాగూ పెట్టాల్సిన యూనిట్ అయితే సబ్సిడీ తీసుకోండి. నడవని యూనిట్‌ను అది నడిపించలేదు.

కాగితాల పని కూడా దారిని బట్టి మారుతుంది. ఆహార లైసెన్స్ గానీ, చిన్నవాళ్ళైతే రిజిస్ట్రేషన్ గానీ అందరికీ కావాలి. వంటనూనె విడిగా కొలిచి అమ్మడం నిషేధం, సీల్ చేసిన ప్యాకింగ్‌లోనే అమ్మాలి. కూలికి ఆడిస్తే లేబుల్ మీద అమ్మేవారి పేరుతో పాటు తీసినవారి వివరాలు కూడా ఉండాలి. పప్పు గానుగకి పంపేటప్పుడు డెలివరీ చలానా రాయండి. జీఎస్టీ కింద జాబ్ వర్క్‌కి పంపిన సరుకు ఏడాదిలోపు తిరిగి రావాలి. సొంత యూనిట్‌కి ఒక లాభం ఉంది: ఇండస్ట్రియల్ కరెంటు కనెక్షన్ వస్తుంది, షాపు కనెక్షన్ కంటే కరెంటు యూనిట్ ధర తక్కువ.

37 రూపాయల విలువ

లెక్క అయ్యాక తమ్ముడు అడిగాడు. "తీసినవాడికి 37, అమ్మినవాడికి 76. మరి ఎవడు తీస్తాడన్నా?"

మంచి ప్రశ్న. దేశం మొత్తం ముందున్న ప్రశ్న కూడా ఇదే. యూనిట్ నుంచి బయటికి పోయిన నూనె 305, చెక్క 56, కలిపి 361. బయట కొన్నవి, అంటే పప్పు, సీసా, కరెంటు 324. తేడా 37. ఆర్థిక లెక్కల్లో తయారీ రంగం చేర్చిన విలువ అనేది ఈ 37నే. జీతాలు, అద్దె, వడ్డీ, లాభం అన్నీ ఇందులోంచే. షాపువాడి మార్జిన్ సేవల రంగం ఖాతాలోకి పోతుంది. దేశం మొత్తం మీద ఇలా కూడితే తయారీ వాటా ఐదో వంతు కూడా లేదు, సేవలది సగానికి పైన. 2014లో మేక్ ఇన్ ఇండియా మొదలుపెట్టినప్పుడు తయారీని 25 శాతానికి తీసుకెళ్తామన్నారు, అది జరగలేదు. ఇంకోవైపు పనిచేసేవాళ్ళలో నూటికి నలభై మందికి పైగా ఇంకా వ్యవసాయంలోనే ఉన్నారు.

ఆ 37 ఎందుకు ముఖ్యమంటే, అది లేకపోతే ఊళ్ళో ఆ 76 కూడా పుట్టదు. మా వైపు పండిన వేరుశనగ మూటలుగా లారీ ఎక్కి పోయి, సీసాలుగా తిరిగి వస్తే మనకి మిగిలేది హమాలీ కూలి. గానుగ ఊళ్ళోనే తిరిగితే రోకలి చెక్కే వడ్రంగికి పని, బేరింగ్ మార్చే లేత్ షాపుకి పని, చెక్క కొనే పాడి రైతుకి చవక దాణా. ఒక తయారీ చోట ఇంకొన్ని పుడతాయి. బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ వచ్చాక అక్కడ పని నేర్చుకున్నవాళ్ళే తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు అందులో ఉద్యోగం చేసినవారే. ఈరోజు హైదరాబాద్ మందుల తయారీకి పేరు పొందిందంటే వేరు అక్కడుంది. మా శ్రీ సత్యసాయి జిల్లాలో ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అంత పెద్ద కంపెనీ కూడా అన్నీ తనే చేసుకోదు, చాలా విడిభాగాలు చుట్టుపక్కల వచ్చిన సప్లయర్ల దగ్గర తీసుకుంటుంది. ఏది సొంతంగా చేయాలి, ఏది బయట చేయించాలి అన్న లెక్క వాళ్ళూ వేసుకునే ఉంటారు.

అందుకే నేను తమ్ముణ్ణి తయారీ వద్దనలేదు. వరస మార్చమన్నాను. ముందు మూడు నెలలు కూలికి ఆడించి నెలకి ఎన్ని లీటర్లు నేరుగా పోతున్నాయో చూడు. ఆడించేటప్పుడు గానుగ దగ్గరే నిలబడు, నీళ్ళు చిలకరించడం నీ చెయ్యికి రావాలి. 700 లీటర్లు దాటాక ఒక్క గానుగ చాలు, రెండు కొనకు. ఒక గానుగకి పనివాడూ ఒక్కడే, షెడ్డూ చిన్నది, ఖాళీ వాయిలు ఊరివాళ్ళకి ఆడు. ఇంట్లో స్థలం ఉండి, ఊరు వదిలి పోయే ఆలోచన లేనివాళ్ళు మాత్రం మొదటిరోజే ఒక గానుగతో ఊరివాళ్ళ పప్పు కూలికి ఆడే పనిలోకి దిగొచ్చు. మార్కెటింగ్ మీద చేవ ఉండి తయారీ అంటే ఆసక్తి లేనివాళ్ళు జాబ్ వర్క్‌లోనే ఉండిపోయినా తప్పేం లేదు.

వాడు అడ్వాన్స్ కట్టలేదు. ముదిగుబ్బ వైపు ఒక గానుగాయనతో మాట్లాడుకుని, పప్పు తనే ఏరించి తీసుకెళ్తున్నాడు. పోయిన నెల 340 లీటర్లు పోయాయట. వారానికి రెండు రోజులు గానుగ దగ్గరే ఉంటున్నాడు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, శబ్దం మెత్తబడగానే నీళ్ళు ఆపేయాలి, అవునా?" అన్నాడు. అవునన్నాను.